ఎక్కువైన చిల్లు

కొలతల మేస్త్రి అంటే ఆ వీధిలో అందరికీ నవ్వే. బోల్టు బిగించే ముందు ఒకసారి కొలుస్తాడు, బిగించాక ఇంకోసారి కొలుస్తాడు, గ్లాసులో టీ నిండా పోశారో లేదో కూడా స్కేలు పెట్టి చూస్తాడని పక్క షెడ్లవాళ్ళు వెక్కిరిస్తారు. వాళ్ళు రోజుకు రెండు బళ్ళు బాగుచేసి పంపితే ఇతనికి ఒక్క బండికి రెండు రోజులు పడుతుంది. అయితేనేం, ఇతని చేతిలో పడ్డ బండి మళ్ళీ అదే రోగంతో వెనక్కి రాదని పేరు. ఆ పేరు తప్ప ఆస్తి అని చెప్పుకోవడానికి అతనికి పెద్దగా ఏమీ లేదు. రేకుల షెడ్డు, ఇంజన్లు ఎత్తే గొలుసు, ఎత్తు కనబడగానే మూలిగే ఓ పాత స్కూటరు, అంతే.

అలాంటివాడి షెడ్డు ముందుకి ఒక బుధవారం మధ్యాహ్నం సొంత అక్క వ్యానునే తాడు కట్టి లాక్కొచ్చారు.

అక్క సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ పదకొండేళ్ళు ఆస్పత్రిలో కిడ్నీ వార్డులో ఆయాగా చేసింది. రక్తం శుభ్రం చేసే మిషన్ల పక్కన మంచాలు సర్దడం, దుప్పట్లు మార్చడం, మిషను మీంచి లేచినవాళ్ళు తూలిపడకుండా పట్టుకోవడం ఆవిడ పని. కొండమీద ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు బస్సు అందక ఒక్కో పూట మానేసేవాళ్ళు. తాగిన నీళ్ళు ఒంట్లోంచి పోవు కాబట్టి వాళ్ళు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. ఒక పూట మానేస్తే కాళ్ళు ఉబ్బుతాయి, రెండు పూటలు మానేస్తే ఊపిరాడదు, మూడోసారికి ఆ మంచం మీద వేరే మనిషి ఉంటాడు. అది చూసి చూసి ఆవిడకి మనసు విరిగిపోయింది. నలభై రెండేళ్ళ వయసులో బండి తోలడం నేర్చుకుని, ఉద్యోగం మానేసి, ఓ పాత పన్నెండు సీట్ల వ్యాను కొంది. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లారకముందే ఖాళీ బండితో కొండెక్కి, ఎనిమిదిమంది రోగులను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఎనిమిదింటికల్లా ఆస్పత్రిలో దింపుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్ళీ పైకి తీసుకుపోతుంది. ఆస్పత్రివాళ్ళు ట్రిప్పుకింత అని ఇస్తారు. ఆ రూటు ఆవిడ బతుకు. ఇంకా చెప్పాలంటే ఆవిడ గర్వం కూడా.

"ఆరో మలుపులో ఆవిరి కక్కింది," అంది అక్క, వ్యాను దిగకుండానే. "ఎనిమిదిమందినీ గంటన్నర రోడ్డు మీద కూర్చోబెట్టాను."

"అందరూ బాగానే ఉన్నారా అక్కా?"

"బతికే ఉన్నారు. ఆస్పత్రి మేనేజరు పిలిచాడు. ఎల్లుండి ఒక్కరోజుకి అంబులెన్సు పంపుతారట. సోమవారం నుంచి ఎనిమిదింటికి నేను తీసుకురాలేకపోతే, రూటు ఊళ్ళో కొత్తగా దిగిన ఆ రెండు తెల్ల వ్యాన్లవాళ్ళకి ఇచ్చేస్తాడట. కోపంగా కూడా చెప్పలేదురా. టీ ఇప్పించి మరీ చెప్పాడు."

కోపం లేకుండా చెప్పేవాడితో ఏం పోట్లాడతాం. మేస్త్రి బానెట్ ఎత్తాడు.

సాయంత్రానికల్లా హెడ్డు విప్పి బల్లమీద పెట్టాడు. హెడ్డంటే ఇంజనుకి పైకప్పు లాంటిది. గాలి రావడానికి, పొగ పోవడానికి తెరుచుకునే వాల్వులన్నీ అందులోనే ఉంటాయి. రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ నడుమ వెంట్రుకంత చీలిక. కిరసనాయిలు పూసి, పైన సుద్దపొడి చల్లితే చీలిక ఎంత దూరం పాకిందో నల్లగా కనబడింది. వేలెడు పొడుగుంది.

మర్నాడు పొద్దున్న షట్టరు మీద సుద్దముక్కతో లెక్క రాశాడు. అక్క ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తోంది.

"మొదటిది, అతుకు. ఐదువేలు. పోత ఇనుము అక్కా ఇది, అతుకు నిలిస్తే ఏడాది నిలుస్తుంది, లేకపోతే మొదటి ఎత్తులోనే విడిపోతుంది."

"ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేవా?"

"దేవుడు కూడా చెప్పలేడు. రెండోది, ఇదే రకం పాత హెడ్డు ఇంకోటి దొరికితే వేయడం. నాలుగు చోట్ల ఫోన్ చేశాను. ఈ రకానికి పుట్టుకతోనే ఇక్కడ బలం లేదు. అందరి దగ్గరున్నవీ ఇదే చోట పగిలినవే. మూడోది, ఇంజను మొత్తం మార్చేయడం. తొంభై వేలు."

"నా దగ్గర అరవై ఉంది. అదీ టైర్లకని దాచింది."

"అందుకే నాలుగోది." ఆ మాట అన్నప్పుడు మేస్త్రి కళ్ళలో వెలుగు వచ్చింది. నిజం చెప్పాలంటే నిన్న రాత్రి నుంచీ అతని మనసు ఆ నాలుగోదాని చుట్టూనే తిరుగుతోంది. "ఈ ఇంజనునే కంపెనీవాళ్ళు తర్వాత కొంచెం మార్చి తెచ్చారు. పిస్టన్లు ఆడే కింది దిమ్మ అదే, పైన హెడ్డు కొత్తది. పెద్ద వాల్వులు. సత్తువ ఎక్కువ. ఆ చీలిక వచ్చేచోట గోడ మందం చేశారు. తుక్కు బాబాయి దగ్గర ఒకటుంది. ముప్ఫై రెండు వేలు. మన పాత హెడ్డు ఇచ్చేస్తే రెండు తగ్గిస్తాడు."

"అది దీనికి సరిపోతుందా?"

"అదే చూడాలి."

"చూడాలంటే చూస్తావు. అది నాకు తెలుసు," అంది అక్క. "నాకు అంతకంటే ఏం కావాలి."

ఆ మాట మేస్త్రికి వీపు తట్టినట్టుంది. అక్క ఎవరినీ ఊరికే పొగడదు.

తుక్కు బాబాయి ఎవరికీ బాబాయి కాదు, అందరూ అలా పిలుస్తారు, అతను పలుకుతాడు. పడిపోయిన బళ్ళను కొని, కాళ్ళూ చేతులూ విడదీసి అమ్ముతాడు. కొన్నాక వెనక్కి తీసుకోవడం అతని ఇంటావంటా లేదు. "ఒకే తల్లి పిల్లలు మేస్త్రీ, ఈ రెండు ఇంజన్లూ," అన్నాడు. "పెద్దవాడి చొక్కా చిన్నవాడికి పట్టకపోతుందా. పట్టకపోతే మాత్రం నన్నడక్కు."

మేస్త్రి ఆ హెడ్డును స్కూటరు మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చాడు. ఇక మొదలైంది చూడండి కొలవడం. బోల్టు కన్నాలు పది, పదీ కలిశాయి. నీళ్ళు పారే కన్నాలు కలిశాయి. వాల్వు తెరుచుకున్నప్పుడు పిస్టనుకి తగులుతుందేమోనని మైనం ముద్ద పెట్టి తిప్పి, ఆ ముద్దను కోసి మందం కొలిచాడు. తగలదు. వాల్వులను కిందనుంచి తోసే కడ్డీలు అరంగుళం పొట్టి అయ్యాయి, కొత్తవి కావాలి. పొగగొట్టం బిగించే చోటు కొంచెం పక్కకు జరిగింది, దానికో పలక చేయించాలి. నీళ్ళ గొట్టం ఇటు తిరిగి ఉండాల్సింది అటు తిరిగింది. సత్తువ పెరిగితే వేడి పెరుగుతుంది కాబట్టి రేడియేటరు కడిగించాలి. పిల్లిని సాకడానికి ఆవు, ఆవుని మేపడానికి మనిషి అన్నట్టు, ఒక్కొక్కటీ ఇంకోదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. షట్టరు మీద అంకె ముప్ఫై నుంచి నలభై అయింది, యాభై ఒకటి అయింది. "ఇలాగే పెరిగితే ఇంజనే వచ్చేట్టుంది కదరా," అని అక్క ఒక్కసారి అంది, మళ్ళీ అనలేదు.

శనివారం పొద్దున హెడ్డు కింద వేసే గ్యాస్కెట్ వచ్చింది. గ్యాస్కెట్ అంటే దిమ్మకీ హెడ్డుకీ నడుమ పరిచే పలచని రేకు. రెంటిలో ఉన్న కన్నాలన్నీ అందులోనూ ఉంటాయి. కొత్త సామాను సరిపోతుందో లేదో చూడటానికి ఆ వీధిలో అందరూ చేసేది ఒకటే. గ్యాస్కెట్ను దిమ్మ మీద పరిచి, కింద ఉన్న ఏ కన్నమైనా మూసుకుపోతోందా అని చూస్తారు. మేస్త్రి కూడా అలాగే పరిచాడు. వేలితో ఒక్కో కన్నం తడుముతూ పైకే లెక్కపెట్టాడు. కింద ఉన్న కన్నం ఒక్కటీ మూసుకోలేదు. వెనకవైపు మూల మాత్రం గ్యాస్కెట్లో పెన్సిలు మొన పట్టేంత చిల్లు ఒకటి ఎక్కువ ఉంది. దాని కింద దిమ్మలో కన్నమేమీ లేదు, గట్టి ఇనుమే.

"ఇదేంటి?" అని పక్కన కూర్చున్న అక్కే అడిగింది.

"కొత్త రకంలో ఎక్కడో ఆవిరి పోవడానికి పెట్టుంటారు. మనకి అక్కర్లేదు." ఆ తర్వాత అతను చెప్పిన మాట ఆ వీధిలో ఎవరినడిగినా చెప్పేదే. "కన్నం తక్కువైతే నష్టం అక్కా. ఎక్కువైతే ఏ నష్టం లేదు."

చూశారా, అంత చూసేవాడు కూడా లేనిదాని కోసమే వెతికాడు. ఉన్నదాన్ని ఎందుకుందని అడగలేదు. ఆ వీధిలో ఎవరూ అడగరు. అడగాలని వాళ్ళకి నేర్పినవాళ్ళకే తెలియదు.

హెడ్డు ఎక్కించాడు. బోల్టులు మూడు విడతలుగా, నడుమ నుంచి చివరలకి బిగించాడు. వాల్వుల నెత్తిమీద ఊగే రాకర్లకి పొడిగా తిరగకూడదని డబ్బా వంచి ధారాళంగా నూనె పోశాడు. ఆదివారం పొద్దున తాళం తిప్పితే ఒక్క దెబ్బకే అందుకుంది. నూనె మూత తీసి టార్చి వేసి చూశాడు, లోపల రాకర్లు నిగనిగలాడుతున్నాయి. అడుగునున్న నూనె దిమ్మలోంచి పైకి ఎక్కుతోందని తృప్తి పడ్డాడు. అది తను పోసిన నూనే అన్న ఆలోచన అతనికి రాలేదు. అరగంట నడిపి, బోల్టులు మరోసారి చూసి, అక్క చేతికి తాళం ఇచ్చాడు.

అక్క ఊరి చివరి వంతెన దాకా వెళ్ళి వచ్చింది. దిగేటప్పుడు ముఖంలో పదేళ్ళు తగ్గాయి.

"మూడో గేరులోనే ఎక్కేసిందిరా వంతెన," అంది. "దీనికి ఇంత సత్తువుందని నాకెప్పుడూ తెలియదు." బానెట్ మీద అరచెయ్యి వేసి, "నిన్ను నానా మాటలూ అనుకున్నాను మనసులో. యాభై ఒక్క వేలూ నీళ్ళలో పోశాననుకున్నాను," అని నవ్వింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటున్నట్టు నటించాడు. అంత సంతోషం అతను చాలాకాలంగా ఎరగడు.

సోమవారం ఎనిమిదింటికి పది నిమిషాల ముందు ఫోన్ వచ్చింది.

"దింపేశాను. ఏడు ముప్ఫై ఐదుకే దింపేశాను. మేనేజరు గడియారం వంక చూసి నా వంక చూశాడు. తెల్ల వ్యానువాడికి ఫోన్ చేసి అక్కర్లేదని చెప్పేస్తానన్నాడు, సాయంత్రం."

"సాయంత్రం ఎందుకు?"

"ఇంకా తిరుగు ట్రిప్పు ఉందిగా. అది కూడా చూస్తాడట. చూడనీ." తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంజను పైన సన్నగా టకటకమంటోందిరా, దిగేటప్పుడు," అంది.

"కొత్త వాల్వులు కదా, రెండ్రోజులు అలాగే అంటాయి. అవే సర్దుకుంటాయి. నువ్వు ఆపకు."

"సరే అయితే."

మేస్త్రి ఆ పూట హాయిగా పనిచేశాడు. పక్క షెడ్డువాళ్ళకి టీ కూడా ఇప్పించాడు. వాళ్ళు గ్లాసులో స్కేలు పెడతావా అని అడిగితే నవ్వాడు.

ఒంటిగంట దాటాక తుక్కు బాబాయి పాత హెడ్డు కోసం త్రాసుతో వచ్చాడు. గోడవార నిలబెట్టిన హెడ్డును పైకెత్తి, త్రాసులో పెట్టడానికి తలకిందులు చేశాడు. మూలనున్న బోల్టు కన్నంలోంచి నల్లటి నూనె చిక్కగా కారి అతని పాదం మీద పడింది.

"వెళ్తూ వెళ్తూ నా చెప్పు పాడుచేసింది మేస్త్రీ ఇది," అన్నాడు బాబాయి.

మేస్త్రి నవ్వుతూ గుడ్డ అందించబోయి ఆగిపోయాడు. బోల్టు కన్నంలో నూనెకేం పని. అన్ని కన్నాలూ పొడిగా ఉన్నాయి. అదొక్కటే తడిగా ఉంది. కొలబద్ద పెట్టి చూశాడు. మిగతా తొమ్మిదికంటే ఆ కన్నం కాస్త వెడల్పు. సన్నటి తీగ తెచ్చి లోపలికి తోస్తే అది పక్కనున్న చిన్న దారిలో దూరి, పైన రాకర్లు కూర్చునే చోట బయటికి వచ్చింది.

అంటే పాత హెడ్డులో రాకర్లకి నూనె ఎక్కేది ఈ బోల్టు పక్క సందులోంచే. కొత్త హెడ్డులో ఆ బోల్టు కన్నం ఇరుకు, దానికి పైకి దారి లేదు. మరి కొత్త రకంలో నూనె ఎక్కడినుంచి ఎక్కుతుంది అని అడుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. గ్యాస్కెట్లో వెనక మూల ఎక్కువైన చిల్లులోంచే. అక్క దిమ్మలో దాని కింద ఉన్నది గట్టి ఇనుము. శనివారం పోసిన నూనె ఆరిపోయాక ఆ ఇంజను నెత్తిమీదికి చుక్క రాలేదు. టకటకలు వాల్వులు సర్దుకోవడం కాదు. రాకర్లు ఎండిపోయి అరుస్తున్నాయి.

 మేస్త్రి ఫోన్ తీసి అక్కకి చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. రోగులు బండిలో ఉండగా అక్క ఫోన్ ముట్టుకోదు. అది ఆవిడ నియమం. ఆ నియమాన్ని పదిమందికి గొప్పగా చెప్పుకున్నది ఈ తమ్ముడే. వార్డుకి చేస్తే నర్సు ఎత్తింది.

"ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందే వెళ్ళిపోయారండీ. అందరూ ఎక్కారు. ఈరోజు బండి భలే ఉందని అన్నారు కూడా."

షెడ్డు గోడ మీద గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. రోగుల నంబర్లు అతని దగ్గర లేవు. బాబాయి త్రాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు. "ఏమైంది మేస్త్రీ, ముఖం అలా అయిపోయింది," అంటుండగానే మేస్త్రి స్కూటరు తీశాడు.

దిగువన రోడ్డు బాగానే ఉంది. రెండో మలుపు నుంచే స్కూటరు తన బుద్ధి చూపించింది. మేస్త్రి ముందుకు వంగాడు, ఒళ్ళు తేలిక చేసుకోగలిగినట్టు. అది నడక వేగానికి దిగింది. పక్కన మేకలు తోలుకెళ్ళేవాడు కాసేపు అతనికి సమానంగా నడిచాడు. ఊరందరి బళ్ళూ బాగుచేస్తాడు, సొంత స్కూటరుకి రెండేళ్ళుగా రేపు చూద్దాం అంటున్నాడు.

దారిపొడవునా అతను బేరమాడుతూనే ఉన్నాడు. కింద చిలికిన నూనె ఆవిరి ఎంతో కొంత పైకి వెళ్తుందేమో. ఈ ఒక్క ఎత్తూ ఎక్కేస్తే చాలు, అందరూ ఇళ్ళకి చేరితే చాలు, రేపు వెనక మూల దిమ్మకి బెజ్జం వేసి ఎలాగోలా బయటినుంచి గొట్టమైనా వేస్తాడు. నాలుగో మలుపు దాటాడు, వ్యాను లేదు. ఆరో మలుపు దాటాడు, లేదు. ప్రతి మలుపులోనూ వ్యాను కనబడకపోతే ప్రాణం లేచి వచ్చేది, మళ్ళీ వెంటనే ఇంకా పైకి ఆ పొడి ఇంజను లాగుతూనే ఉందన్న మాట గుర్తొచ్చేది. దొరకాలో దొరక్కూడదో అతనికే తెలియలేదు. చేయగలిగిందల్లా యాక్సిలేటరు తిప్పి పట్టుకోవడమే. అది అప్పటికే చివరిదాకా తిరిగి ఉంది.

తొమ్మిదో మలుపులో వ్యాను కనబడింది. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి ఉన్నాయి. అక్క బండి పక్కన నిలబడి కిటికీకి అడ్డంగా లోపలివాళ్ళకి గొడుగు పట్టి ఉంది, ఎండ పడకుండా.

"ఒక్కసారి గట్టిగా ఏదో విరిగిన చప్పుడైంది," అంది అతన్ని చూడగానే. తను ఫోన్ చేయకుండానే ఎలా వచ్చావని అడగలేదు. "తర్వాత తాళం తిప్పినా కదల్లేదు."

మేస్త్రి పైమూత విప్పాడు. లోపల పొడిగా ఉంది. రాకర్లు తిరిగే కడ్డీ వేడికి నీలం తిరిగి పట్టేసింది. తోసే కడ్డీలు రెండు పుల్లల్లా వంగాయి. మూడో వాల్వు దాని చోట లేదు, విరిగి సిలిండరులోకి పడింది. అంటే పిస్టను పోయింది. దిమ్మ గోడ పక్కనుంచి నీళ్ళూ నూనే కలిసి కారుతున్నాయి. అంటే దిమ్మ కూడా పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చేతిలో ఉన్న పానాతో ఆ ఇంజనులో బిగించడానికి ఒక్కటి కూడా లేదు. అయినా పానా జేబులో పెట్టుకోలేకపోయాడు.

"తప్పు నాది అక్కా," అన్నాడు. "ఆ చిల్లు నూనెది. వెనక మూలది. మన దిమ్మలో దానికి దారి లేదు. ముందే ఆపి ఉంటే..."

"మధ్యలో చప్పుడు పెరిగింది," అంది అక్క మెల్లగా. "ఐదో మలుపులోనే పెరిగింది. ఆపుదామనుకున్నాను. సర్దుకుంటుందన్నావు కదాని ఆపలేదు."

ఆ మాటలో నింద లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే మేస్త్రి బతికిపోయేవాడు.

"ఆస్పత్రికి ఫోన్ చేశావా?"

"చేయకుండా ఎలా ఉంటాను. సూదులు తీసి రెండు గంటలు కాలేదు వీళ్ళకి. తెల్ల వ్యాను పంపుతున్నారు." గొడుగు ఇంకో కిటికీకి మార్చింది. "మేనేజరు అయ్యో అన్నాడు. చాలా మంచివాడు."

లోపల పోస్టుమాస్టరు తాతగారు కళ్ళు మూసుకుని సీటుకి చేరగిలబడ్డాడు. కుట్టుపని చేసే అమ్మాయి ఆయన భుజం మీదికి దుప్పటి లాగింది. అంత ఎండలోనూ ఆయనకి చలేస్తోంది.

ముప్పావుగంటకి తెల్ల వ్యాను వచ్చింది. కొత్తది, చప్పుడే లేదు. డ్రైవరు ముప్ఫై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. దిగగానే చెప్పులు విడిచి, "నేను పట్టుకుంటానక్కా," అని ముందుకొచ్చాడు. మేస్త్రికి ద్వేషించడానికి కూడా మనిషి దొరకలేదు.

"నువ్వు పట్టుకోవద్దు, ముందు విను," అంది అక్క. "మళ్ళీ ఎల్లుండి నీకు చెప్పడానికి నేనుండను."

అతను ఫోన్ తీసి రాసుకోవడానికి సిద్ధమయ్యాడు. అక్క ఒక్కొక్కరినీ దింపుతూ, ఆ వ్యానులోకి ఎక్కిస్తూ చెప్పింది.

"తాతగారికి ఎడమచేతికే సూదులు గుచ్చుతారు. ఆ చెయ్యి కిటికీ వైపుండాలి, ఎవరూ రాసుకోకూడదు. దింపేటప్పుడు కుడిచెయ్యే పట్టుకో. ఈ అమ్మాయి బాగున్నానంటుంది, నమ్మకు, దిగాక గోడ పట్టుకునేదాకా చూసి కదులు. వీళ్ళిద్దరూ అన్నదమ్ములు, మాట్లాడుకోరు, దూరం దూరం కూర్చోబెట్టు. ఆఖరి ఇల్లు నీలం తలుపు. ఆయనకి చెవుడు. హారన్ కొడితే లాభం లేదు, దిగి వెళ్ళి కిటికీ తట్టాలి. రావడం ఆలస్యమైతే వదిలేసి వెళ్ళిపోకు."

"వెళ్ళనక్కా."

"నేను ఒక్కరోజు కూడా వదిలేసి వెళ్ళలేదు," అంది అక్క. అది అతనికి చెప్పిందో, ఎవరికి చెప్పిందో.

ఏడుగురు ఎక్కారు. చివర వెనక సీటులో ముసలావిడ ఒకావిడ మిగిలింది. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని కదల్లేదు.

"నేను దీంట్లోనే వెళ్తాను," అంది. "నాకా బండి తెలియదు. బాగయ్యేదాకా కూర్చుంటాను, నాకేం తొందర. నీ తమ్ముడు వచ్చాడుగా. పొద్దున్నంతా నా తమ్ముడంతటివాడు లేడని చెప్పావు." తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "ఏం బాబూ, ఎంతసేపట్లో అవుతుంది?"

మేస్త్రి నోరు తెరిచాడు. గంటని చెప్పడానికీ, రేపని చెప్పడానికీ అలవాటైన నోరు. ఆవిడ జవాబు కోసం అతని ముఖం వంకే చూస్తోంది. అతను చేతిలోని పానా వంక చూశాడు.

"అవదు పెద్దమ్మా," అంది అక్క. "దిగు."

ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని నెమ్మదిగా దింపింది. రోడ్డు దాటించి తెల్ల వ్యాను మెట్టు ఎక్కించి, సంచీ ఒళ్ళో పెట్టి, చీర అంచు తలుపులో పడకుండా లోపలికి సర్దింది. తలుపు వేసే ముందు డ్రైవరు వైపు చూసింది.

"ఈవిడ దారంతా నీళ్ళడుగుతుంది," అంది. "రెండు గుక్కలే ఇవ్వు. ఏడ్చినా, తిట్టినా, రెండు గుక్కలే."